ముందు స్పీకరు, తర్వాతే యాంప్లిఫయర్

(విజయనగరంలో ఒక ఆదివారం సాయంత్రం పాటలంటే ఇష్టమున్న కొందరి మధ్య చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నించున్నవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, రండి, ఫ్యాను కింద కూడా ఖాళీ ఉంది.

ఇంట్లో పాత సిస్టమ్ తీసేసి మంచిది పెట్టుకుందామనుకునేవాళ్ళు ఎవరైనా సరే, మొదట అడిగేది ఒక్కటే. ఎన్ని వాట్లది తీసుకోమంటారు? ఇందాక మెట్లెక్కుతుంటే కూడా ఒకాయన అదే అడిగారు. ఎన్ని వాట్లు? నేను తిరిగి అడుగుతాను. మీ గది ఎంత? స్పీకర్లకి ఎంత దూరంలో కూర్చుంటారు? ఎక్కువగా వినేదేమిటి, కచేరీలా, పాత పాటలా, కొత్త సినిమాలా? ఈ మూడూ తెలియకుండా వాట్లు ఎవరూ చెప్పలేరండి. చెప్పారంటే తమ దగ్గరున్న సరుకు చూసి చెప్పారన్నమాట.

ఈరోజు నేను చెప్పదలచుకున్నది చిన్న విషయమే. డబ్బు ముందు స్పీకర్ల మీద పెట్టండి. ఆ స్పీకర్లని గదిలో సరిగ్గా పెట్టుకోండి. ఆ తర్వాత వాటికి తగ్గ యాంప్లిఫయర్, అదే స్పీకర్లని నడిపే పెట్టె, చూసుకోండి. మనవాళ్ళు చాలామంది ఈ వరస తిరగేస్తారు. పెద్ద యాంప్ కొంటారు, మిగిలిన డబ్బుకి ఏవో బాక్సులు తెస్తారు, అవి తీసుకెళ్ళి టీవీ స్టాండు మూల ఇరికిస్తారు. ఇంత ఖర్చు పెట్టాం, పాట బాగోలేదేమిటి అంటారు. ఎలా బాగుంటుంది?

మనం ఎక్కడ కూర్చుని మాట్లాడుకుంటున్నాం? విజయనగరంలో. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్. తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఘంటసాల గారు చదువుకున్నది అక్కడే. సుశీల గారు ఈ ఊరి ఆడపడుచే, ఆవిడ నేర్చుకున్నదీ అక్కడే. ఇలాంటి ఊళ్ళో సాయంత్రం పూట వీధిలో నడుస్తుంటే ఇళ్ళల్లోంచి వినపడేదేమిటి? ధబ్ ధబ్ ధబ్. గొంతేమో రేకు డబ్బాలోంచి వచ్చినట్టు సన్నగా ఉంటుంది. నాకు బాధేస్తుందండి, నిజంగా బాధేస్తుంది. పాడినవాళ్ళు అలా పాడలేదు, రికార్డు చేసినవాళ్ళు అలా చెయ్యలేదు. మధ్యలో మనం కొన్న పెట్టె చేసిన పని అది.

అలా ఎందుకవుతుందో ముందు చెప్తాను, అది అర్థమైతే సగం పని అయిపోయినట్టే.

ఒకే అట్టపెట్టెలో వచ్చే హోం థియేటర్ సెట్లు చూశారు కదా, అయిదు చిన్న చిన్న స్పీకర్లు, కింద పెట్టుకోవడానికి బేసు పలికే ఊఫరు పెట్టె ఒకటి. ఆ చిన్న స్పీకర్లలో కోను, అదే ముందుకీ వెనక్కీ కదిలి శబ్దం పుట్టించే గిన్నె లాంటి భాగం, రెండున్నర, మూడు అంగుళాలకి మించదు. అంత చిన్న కోను కింది స్థాయి శబ్దాలకి సరిపడా గాలిని కదపలేదు, సుమారు 200 హెర్ట్జ్, అంటే సెకనుకి 200 కంపనాల కిందికి దిగేసరికి చేతులెత్తేస్తుంది. మరి మగవాళ్ళ గొంతు మూల శ్రుతి ఎక్కడుంటుంది? మామూలుగా 100 నుంచి 150 హెర్ట్జ్ దగ్గర. అంటే ఘంటసాల గారి గొంతులో ఆ నిండుదనం ఉండే చోటే ఆ చిన్న స్పీకరు పలకదు. ఆ భాగం ఎక్కడికి పోతుంది? మూల ఉన్న ఊఫరుకి పోతుంది. పై సగం టీవీ దగ్గర్నుంచి, కింది సగం సోఫా పక్కనుంచి. ఒక మనిషి గొంతుని రెండు ముక్కలు చేసి రెండు చోట్ల పెట్టాక, ఇంక అది మనిషి గొంతులా ఎలా ఉంటుంది చెప్పండి?

అందుకే, సినిమాలకంటే పాటలు ఎక్కువ వినేవాళ్ళకి నేను చెప్పేది: అయిదు స్పీకర్లు వద్దు, రెండు మంచివి చాలు. ఉన్న డబ్బుని అయిదు ముక్కలు చెయ్యకండి, రెండు ముక్కలే చెయ్యండి.

ముందు స్పీకరు

సరే, రెండు స్పీకర్లు. ఎలాంటివి?

మామూలు ఇంట్లో పది బై పన్నెండు, పన్నెండు బై పదిహేను గదికి కింది శబ్దాలు పలకడానికి అయిదు నుంచి ఆరున్నర అంగుళాల ఊఫరు, పై శబ్దాలు పలకడానికి పైన ఒక చిన్న ట్వీటరు ఉన్న జత చాలు. బుక్‌షెల్ఫ్ స్పీకర్లంటారు. పేరు చూసి పుస్తకాల అరలో దూర్చేయకండి, స్టాండు మీద పెట్టాలి, అది తర్వాత చెప్తాను. నిలువెత్తు టవర్ స్పీకర్లు పెద్ద హాలుకి బాగుంటాయి. చిన్న గదిలో అదే ధరకి టవర్ కొనేకంటే బుక్‌షెల్ఫ్ కొంటే మంచి డ్రైవర్లు, అదే లోపలి ఊఫరు, ట్వీటరు, వస్తాయి, ఎందుకంటే టవర్‌లో మీ డబ్బు చాలావరకు చెక్కకి పోతుంది.

స్పీకరు ఎలా వినాలి? షాపుకెళ్తే వాళ్ళేం వేస్తారు? బాగా బేసు ఉన్న ఇంగ్లీషు పాటో, విమానం పేలిపోయే సీనో వేస్తారు. వద్దని చెప్పండి. మొహమాటపడకండి, డబ్బు మీది. మీకు బాగా తెలిసిన పాటలు ఫోన్లో పట్టుకెళ్ళండి. మూడు చాలు. ఒకటి మగ గొంతు, ఒకటి ఆడ గొంతు, ఒకటి వాయిద్యం.

మగ గొంతులో ఏం వినాలి? ఛాతీ వినపడాలి. ముక్కుతో పాడినట్టు ఉంటే ఆ స్పీకరు వద్దు, బుర్ర కుండలో పెట్టి పాడినట్టు ఉన్నా వద్దు. ఆడ గొంతులో స, శ, ష అక్షరాలు వచ్చేచోట జాగ్రత్తగా వినండి. ఆ అక్షరాల బలమంతా నాలుగైదు వేల హెర్ట్జ్ నుంచి పైన ఉంటుంది. ట్వీటరు నాసిరకమైతే "స" దగ్గర సూది గుచ్చినట్టు ఉంటుంది. షాపులో రెండు నిమిషాలు వింటే తళతళలాడుతున్నట్టే ఉంటుంది, బాగుందనిపిస్తుంది, ఇంటికెళ్ళి గంట వింటే తలనొప్పి వస్తుంది. అందుకని షాపులో తొందరపడకుండా పావుగంట కదలకుండా కూర్చోండి. చెవి అలిసిపోతోందా లేదా అని మీకే తెలుస్తుంది.

వాయిద్యం అంటారా, ఈ జిల్లావాళ్ళకి నేను చెప్పాలా? వీణ. బొబ్బిలి వీణ విన్న చెవులు మీవి. తీగ మీటినప్పుడు మొదట గోటి దెబ్బ, ఆ వెనక నాదం, ఆ నాదం మెల్లగా సన్నబడుతూ పోవడం, ఈ మూడూ విడివిడిగా తెలియాలి. గోటి దెబ్బ మొద్దుబారితే ట్వీటరు సంగతి చూడాలి. నాదం ఒక్కో స్వరం దగ్గర ఉన్నట్టుండి లావెక్కితే పెట్టె సంగతి చూడాలి.

పెట్టె అన్నాను కదా, అదొకటి చెప్తాను, చాలామంది పట్టించుకోరు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ ఎలా చేస్తారు? పనస దుంగని తొలుస్తారు, ఏకాండీగా. ఆ కుండ పాడాలి, పాడితేనే వీణ. స్పీకరు పెట్టె దీనికి పూర్తిగా వ్యతిరేకం, అది పాడకూడదు. పాడాల్సింది కోనే, పెట్టె నోరు మూసుకుని ఉండాలి. వేలి కణుపుతో పక్క చెక్క మీద తట్టి చూడండి. టక్ మని పొట్టిగా, గట్టిగా వచ్చిందా, మంచిది. డొల్లగా బొంగ్ మంటే, పాటలో ఆ శ్రుతి వచ్చిన ప్రతిసారీ ఆ బొంగ్ కలుస్తుంది. ప్లాస్టిక్ బాక్సుల గొడవ చాలావరకు ఇదే. బరువు కూడా ఎత్తి చూడండి, చెక్క మందం, అయస్కాంతం సైజు చేతికే తెలుస్తాయి.

కాగితం మీద చూడాల్సినవి రెండే. ఒకటి సెన్సిటివిటీ, అదేమిటో కాసేపట్లో చెప్తాను. రెండోది ఇంపెడెన్స్, అంటే కరెంటుని స్పీకరు ఎంత అడ్డుకుంటుందన్నది, ఓమ్‌లలో చెప్తారు. మిగతావాటి మీద టెన్షన్ పడక్కర్లేదు. 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ అని రాస్తారు చూడండి, డెసిబెల్ అంటే శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత, ఎన్ని డెసిబెల్స్ తేడాలో అన్నది రాయకపోతే ఆ మాటకి విలువ లేదు. పైగా అరవై దాటినవాళ్ళు ఇక్కడ సగం మంది ఉన్నారు, మనలో చాలామందికి 10, 12 వేల హెర్ట్జ్ పైన ఎలాగూ వినపడదు. దానివల్ల పాటలో పోయేది ఏమంత లేదు. పాట ఉండేది మధ్యలో, ఆ మధ్య బాగుండాలి.

ఇక్కడో మంచి సంగతి చెప్పాలి. కెనడాలో ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఫ్లాయిడ్ టూల్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఒక పని చేశారు. స్పీకర్లని తెర వెనక పెట్టి, బ్రాండు తెలియకుండా, ధర తెలియకుండా జనానికి వినిపించారు. ఏం తేలింది? ఎక్కువమందికి నచ్చింది ఒకటే రకం, ఏ స్థాయినీ ఎక్కువ చెయ్యకుండా, ఏదీ తగ్గించకుండా సమంగా పలికే స్పీకరు. ఎదురుగా కూర్చున్నప్పుడే కాదు, పక్కకి జరిగినా అదే తీరులో పలకాలి. అంటే బేసు గుద్దాలి, ట్రెబుల్ మెరవాలి అని మనకి మనం అనుకోవడమే గాని, కళ్ళకి ఏమీ కనపడకుండా చేస్తే చెవి కోరుకునేది సమతూకమే. కాబట్టి షాపులో ఓసారి లేచి పక్కకి నడవండి. రెండడుగులు జరిగేసరికి గొంతు రంగు మారిపోతే, ఇంట్లో సోఫా చివర కూర్చునే మనిషికి పాట అందదు.

యాంప్లిఫయర్ ఎంత కావాలి

ఇప్పుడు మీ వాట్ల దగ్గరికి వద్దాం. లెక్క కట్టి చూద్దామా? కష్టమేం కాదు, ఓపిక పట్టండి.

స్పీకరుకి ఒక వాటు ఇచ్చి, మీటరు దూరంలో కొలిస్తే ఎంత శబ్దం వస్తుందో అది సెన్సిటివిటీ. ఇళ్ళల్లో వాడే బుక్‌షెల్ఫులు చాలావరకు 84 నుంచి 88 డెసిబెల్స్ మధ్య ఉంటాయి. 87 అనుకుందాం. మీరు కూర్చునేది మూడు మీటర్ల దూరంలో, అంటే పది అడుగులు. దూరం వల్ల కొంత తగ్గుతుంది, రెండు స్పీకర్లు కాబట్టి, గోడలు తిప్పికొడతాయి కాబట్టి కొంత పెరుగుతుంది. అన్నీ పోను మీ కుర్చీ దగ్గరికి ఒక వాటుకి సుమారు 84 వస్తుంది. ఇంట్లో కాస్త గట్టిగానే పాట పెట్టుకున్నాం అనుకోండి, సగటున 75 డెసిబెల్స్ ఉంటుంది. 84 నుంచి 75కి తొమ్మిది తక్కువ. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ పవరు సగమవుతుంది. సగం, అందులో సగం, అందులో సగం. ఎంతయింది? వాటులో ఎనిమిదో వంతు.

అవునండి, ఎనిమిదో వంతు. వెయ్యి వాట్లని అట్టపెట్టె మీద రాసినది కొని, మీరు నిజంగా వాడేది అంత.

అయితే అక్కడితో లెక్క అయిపోలేదు. మృదంగం మీద దెబ్బ పడినప్పుడు, గాయకుడు పై షడ్జం అందుకున్నప్పుడు, శబ్దం ఒక్కసారి సగటు కన్నా 20 డెసిబెల్స్ దాకా లేవచ్చు. 20 డెసిబెల్స్ అంటే వంద రెట్లు పవరు. వాటులో ఎనిమిదో వంతుకి వంద రెట్లు, పన్నెండున్నర వాట్లు. ఆ క్షణంలో యాంప్ ఆ పన్నెండున్నర వాట్లు శుభ్రంగా ఇవ్వగలగాలి. కాబట్టి మామూలు గదికి నిజమైన 40, 50 వాట్ల యాంప్ ఉంటే మీకు కావలసినదానికంటే ఎక్కువే ఉన్నట్టు. స్పీకరు 83 సెన్సిటివిటీది అయితే అదే పనికి 30 వాట్ల పైన అడుగుతుంది. చూశారా, నాలుగు డెసిబెల్స్ తేడాకి రెండున్నర రెట్లు. అందుకే స్పీకరు తెలియకుండా యాంప్ చెప్పలేమన్నాను.

50 వాట్ల బదులు 100 వాట్లు కొంటే రెట్టింపు శబ్దం వస్తుందనుకుంటారు. రాదు. మూడు డెసిబెల్స్ పెరుగుతుంది, చెవికి కాస్త పెరిగినట్టు తెలుస్తుంది, అంతే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పది డెసిబెల్స్ కావాలి, అంటే పవరు పది రెట్లు. 50కి 500.

నిజమైన 50 వాట్లు అంటున్నాను, గమనించండి. పీఎంపీవో అని రాసి ఉంటే ఆ అంకెని వదిలేయండి, దాన్ని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి అంటూ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్ళు వేసుకోవచ్చు. ఆర్ఎంఎస్ అనో, కంటిన్యుయస్ అనో, అంటే ఏకధాటిగా ఇచ్చే పవరని ఉండాలి, ఎన్ని ఓమ్‌లకి, ఎంత డిస్టార్షన్ దగ్గర, అంటే శబ్దం ఎంత చెడిపోయాక అన్నది పక్కనే ఉండాలి. పది శాతం డిస్టార్షన్ దగ్గర కొలిచిన వాట్లు వాట్లే కావు, ఆ స్థాయిలో పాట బొంగురుపోయి ఉంటుంది. హోం థియేటర్‌కి వాడే ఏవీ రిసీవర్ల మీద కూడా ఒకే ఛానల్, అంటే ఒక్క స్పీకరు వైపే నడిపి కొలిచిన అంకె ముందు వేస్తారు. 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, 8 ఓమ్‌లకి, రెండు ఛానళ్ళూ నడుస్తుండగా ఎంత ఇస్తుందన్న లైను వెతికి చూడండి, అది మాన్యువల్ చివరి పేజీల్లో ఉంటుంది.

ఇప్పుడు ఆన్‌లైన్లో అరచేతిలో పట్టే, క్లాస్ డి అనే రకం యాంప్‌లు వస్తున్నాయి, కుర్రాళ్ళు అవే కొంటున్నారు. మంచివేనండి, నేను కాదనను, వేడెక్కవు, కరెంటు తక్కువ తింటాయి. కానీ వాటి మీద ఒక్కో వైపు 300 వాట్లు అని రాసి ఉంటే నమ్మకండి. దాంతో వచ్చిన అడాప్టరు తిరగేసి చూడండి. 32 వోల్టులు, 5 ఆంపియర్లు అని ఉందనుకోండి, రెండూ హెచ్చవేస్తే 160 వాట్లు, రెండు వైపులా కలిపి ఏకధాటిగా దొరికేది అంతకు మించదు. 24 వోల్టుల అడాప్టరు అయితే 8 ఓమ్‌ల స్పీకరుకి ఒక్కో వైపు 36 వాట్లు దాటి శుభ్రంగా రాదు. ఆ 36 కూడా మన గదికి సరిపోతుందని ఇందాకే లెక్క కట్టాం, కాబట్టి అంకె చూసి కాకుండా ఈ లెక్క చూసి కొనుక్కుంటే అవి చవకలో మంచి బేరం.

ఓమ్‌ల సంగతి. 8 ఓమ్‌ల స్పీకరు ఏ యాంప్‌కైనా తేలిక. 4 ఓమ్‌ల స్పీకరు అదే వోల్టేజీకి రెట్టింపు కరెంటు లాగుతుంది. యాంప్ వెనక "6 నుంచి 16 ఓమ్‌లు" అని రాసి ఉంటే 4 ఓమ్‌ల స్పీకర్లు తగిలించకండి, గట్టిగా పెట్టినప్పుడు వేడెక్కి ఆగిపోతుంది. ఇంకొకటి, ఒకే టెర్మినల్‌కి రెండు జతల స్పీకర్లు కలిపేస్తుంటారు, హాల్లో ఒక జత, వంటింట్లో ఒక జత. రెండు ఎనిమిదులు కలిస్తే నాలుగవుతుంది. రెండు నాలుగులు కలిస్తే రెండవుతుంది, ఆ పని మాత్రం చెయ్యకండి.

ఎవరో చెయ్యెత్తారు, చెప్పండమ్మా. వాట్లు ఎక్కువైతే స్పీకరు కాలిపోతుందా అంటున్నారు. మంచి ప్రశ్న. ఎక్కువ వాట్ల యాంప్ పెట్టి మామూలుగా వింటే ఏమీ కాదు. ఇళ్ళల్లో చిన్న యాంప్‌ని పండగ రోజున ఆఖరి దాకా తిప్పేసి కాల్చేసుకునేవాళ్ళే ఎక్కువ. యాంప్ తన శక్తి అయిపోయాక తరంగం తలని కోసేస్తుంది, క్లిప్పింగ్ అంటారు. అప్పుడు పాటలో లేని పై స్థాయి శబ్దాలు పుట్టుకొస్తాయి, అవన్నీ ట్వీటరుకే పోతాయి. ట్వీటరులో కాయిల్ వెంట్రుకంత తీగ, తట్టుకోలేదు. గొంతు గరగరమంటోందంటే వాల్యూమ్ తగ్గించేయండి, ఇంక ఆలోచించక్కర్లేదు.

వాల్వ్ యాంప్, అదే ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాల్వులతో పనిచేసేది, దాని గురించి మాస్టారు అడుగుతున్నారు. పాత మర్ఫీ రేడియో మీద ప్రేమ ఉన్నవాళ్ళకి వాల్వుల శబ్దం మీద ప్రేమ ఉంటుంది, నాకూ ఉంది. కానీ వాల్వ్ యాంప్‌కి బాగా పలికే స్పీకరు కావాలి, 90 పైన సెన్సిటివిటీది. మామూలు బుక్‌షెల్ఫ్‌కి అయిదారు వాట్ల వాల్వ్ యాంప్ తగిలిస్తే వాల్యూమ్ చాలదు. ట్రాన్సిస్టర్ యాంప్‌ల మాటకొస్తే, సక్రమంగా చేసిన రెండు యాంప్‌లని ఒకే వాల్యూమ్ దగ్గర పెట్టి, ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే తేడా పట్టుకోవడం చాలా చాలా కష్టం. స్పీకర్లు మారిస్తే మాత్రం పక్క గదిలో ఉన్నవాళ్ళు కూడా చెప్పేస్తారు. అందుకే యాంప్‌లో కావలసిన సాకెట్లు ఉన్నాయా, హమ్మింగు లేదా, పాడైతే బాగుచేసేవాళ్ళు విశాఖపట్నంలోనైనా ఉన్నారా, అవి చూసుకుని కొనండి. మిగిలినదంతా స్పీకర్లకి పెట్టండి. ఎంతెంత అంటే, వంద రూపాయలుంటే అరవై స్పీకర్లకి, ముప్పై యాంప్‌కి, మిగతా పదీ స్టాండ్లకి, తీగలకి. ఇది నా పద్ధతి.

షాపులో రెండు జతలు పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఏది కాస్త గట్టిగా మోగితే అది బాగున్నట్టు అనిపిస్తుంది, అది చెవి స్వభావం. రెంటినీ ఒకే స్థాయికి తెచ్చి వినిపించమనండి. ఫోన్లో డెసిబెల్ మీటర్ యాప్ వేసుకుని కుర్చీ దగ్గర పెట్టుకుంటే సుమారుగా సరిచూసుకోవచ్చు.

గది, తీగలు, మన గాలి

ఇప్పుడు గది. నన్నడిగితే సగం వ్యవహారం ఇక్కడే ఉంది.

మన ఇళ్ళు ఎలా ఉంటాయి? పైన శ్లాబు, కింద టైల్సు లేదా మార్బులు, చుట్టూ సిమెంటు గోడలు. ఖాళీ హాల్లో ఒక్కసారి చప్పట్లు కొట్టండి, టింగ్ మని వెనక్కొస్తుంది. పాటలో ప్రతి అక్షరానికీ ఆ టింగ్ అంటుకుంటుంది. ఎంత గొప్ప స్పీకరైనా ఆ గదిలో కంగాళీయే. దీనికి లక్షలు అక్కర్లేదు. స్పీకర్లకీ మీకూ మధ్య నేల మీద మందపాటి జంపఖానా పరవండి. కిటికీలకి దట్టమైన కర్టెన్లు, మడతలు మడతలుగా. వెనక గోడకి పుస్తకాల బీరువా, అద్దాలు లేనిది. చప్పట్లు మళ్ళీ కొట్టి చూడండి, తేడా మీ చెవికే తెలుస్తుంది.

బేసు మాత్రం వీటికి లొంగదు. పన్నెండడుగుల పొడవున్న గదిలో 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం రెండు గోడల మధ్య నిలబడిపోతుంది. గోడకి ఆనుకుని కూర్చుంటే అది బండగా వినపడుతుంది, నట్టనడుమ కూర్చుంటే దాదాపు మాయమైపోతుంది. అందుకని సోఫాని గోడ నుంచి ఒకటి రెండడుగులు ముందుకి జరపండి. స్పీకర్లని మూలల్లోంచి తియ్యండి, మూలలో పెడితే బేసు ఉబ్బిపోతుంది, గొంతు దాని కింద పడిపోతుంది. వెనక గోడ నుంచి కనీసం అడుగు, అడుగున్నర. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, మీకూ ఒక్కోదానికీ సుమారు అంతే దూరం. ట్వీటరు మీ చెవి ఎత్తులో ఉండాలి, బీరువా మీద కాదు, నేల మీద కాదు. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవడం లేదా? వినేటప్పుడు ముందుకి జరుపుకోండి, అయ్యాక వెనక్కి నెట్టేయండి. స్టాండ్లుంటే నిమిషం పని.

కుదిరిందా లేదా తెలుసుకోవడానికి మనకి ఒక గొప్ప సాధనం ఉంది, పాత పాట. ఆ రోజుల్లో మన సినిమా పాటలు మోనో. రెండు స్పీకర్లలోనూ ఒకటే వస్తుంది. కాబట్టి కళ్ళు మూసుకుని వింటే గొంతు సరిగ్గా రెంటికీ మధ్య, ఏమీ లేని చోట నిలబడి పాడినట్టు రావాలి. ఎడమకి లాగుతోందా, ఆ స్పీకరు దగ్గరగా ఉంది, లేదా ఆ పక్క గోడ దగ్గరగా ఉంది. ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా తల చుట్టూ తిరుగుతోందా, బేసు కూడా పలచగా ఉందా, అయితే ఒక స్పీకరుకి ప్లస్ మైనస్ తారుమారయ్యాయి.

ఇది ఇళ్ళల్లో నేను తరచూ చూసే తప్పు. చూసుకోవడం తేలిక. యాంప్ ఆపేసి, తీగల చివర్లు యాంప్ నుంచి ఊడదీయండి. గోడ గడియారంలో వేసే ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తెచ్చి, ప్లస్ అనుకున్న తీగ ప్లస్‌కి, రెండోది మైనస్‌కి ఒక్క క్షణం తాకించండి. టప్ మంటుంది. అప్పుడు ఊఫరు కోను ముందుకి రావాలి, ముందు గుడ్డ తీసి పక్కనుంచి చూస్తే కనపడుతుంది. లోపలికి పోయిందంటే ఆ తీగ తిరగబడినట్టు. రెండూ ఒకే వైపు కదలాలి, అంతే. తాకించి తీసెయ్యాలి, పట్టుకుని ఉండకూడదు.

తీగల మీద వేలకి వేలు పెట్టకండి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే రెండున్నర స్క్వేర్ ఎంఎం రాగి తీగ, మెత్తటి పోగులది, పది మీటర్ల దూరానికి కూడా బ్రహ్మాండంగా సరిపోతుంది. పోనూ రానూ కలిపి దాని నిరోధం ఓమ్‌లో ఆరో వంతు కూడా ఉండదు, 8 ఓమ్‌ల స్పీకరు ముందు అదెంత? సన్నటి దారం లాంటి తీగలు వస్తాయి చూడండి, స్పీకర్లతో ఉచితంగా, అవి మాత్రం తీసేయండి.

సముద్రం పక్కవాళ్ళకి ఒక మాట. కళింగపట్నం, బారువ, భీమిలి వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారా? ఉప్పుగాలికి రాగి చివర్లు నల్లబడతాయి, పచ్చగా చిలుం పడుతుంది. ఏడాదికోసారి చివర కత్తిరించి, కొత్తగా తొడుగు వలిచి, మళ్ళీ బిగించండి. పాత స్పీకర్లు కొనేవాళ్ళు కోను చుట్టూ ఉన్న అంచుని చూడండి. అది ఫోము అయితే వేలితో మెల్లగా తాకండి. మన తేమకి ఏళ్ళు గడిచేకొద్దీ అది పాత అప్పడంలా పొడిపొడిగా రాలుతుంది. డ్రైవరు బాగుంటే అంచు కొత్తది అతికించవచ్చు, చేసేవాళ్ళున్నారు, దాని ఖర్చు ధరలోంచి తగ్గించి అడగండి. రబ్బరు అంచు అయితే చాలాకాలం ఉంటుంది.

కరెంటు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసినవాళ్ళం. ఉరుములు మొదలవగానే ప్లగ్గు తీసేయండి, స్విచ్ ఆపడం చాలదు. ప్లగ్గుతోపాటు కేబుల్ టీవీ తీగ కూడా పీకేయండి, పిడుగు చాలాసార్లు ఆ దారిన వస్తుంది. యాంప్‌లో ఎప్పుడూ బుయ్ మని హమ్మింగు వస్తుంటే కూడా ముందు ఆ కేబుల్ తీసి చూడండి, హమ్మింగు ఆగిపోతే దోషం యాంప్‌ది కాదు, ఎర్తింగు లూపుది, అంటే ఎర్తు రెండు దారుల్లో కలవడం వల్ల వచ్చేది.

ఇంకెవరైనా? ఆఁ, బాబు, గట్టిగా చెప్పు. ఇంట్లో రాత్రిపూట చిన్నగా పెట్టుకుంటే బేసు వినపడటం లేదు, సబ్ఊఫరు కొనాలా అంటున్నాడు. అది స్పీకరు లోపం కాదు నాయనా, చెవి తీరే అంత. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు, శబ్దం తగ్గేకొద్దీ చెవికి బేసు ఎక్కువగా తగ్గిపోతుంది. పాత యాంప్‌ల మీద లౌడ్‌నెస్ అని ఒక మీట ఉండేది, దీనికోసమే. నీ యాంప్‌లో అది ఉంటే రాత్రి వేసుకో, లేకపోతే బేసు నాబు కాస్త పెంచుకో, పొద్దున్న మళ్ళీ మధ్యకి తిప్పేయ్. సబ్ఊఫరు కొత్త సినిమాలకి కొనుక్కో, కొంటే 80 హెర్ట్జ్ దగ్గర కట్ చెయ్యి, అంతకంటే పైకి రానిస్తే మళ్ళీ గొంతులో వేలు పెడుతుంది.

రెండు జతల స్పీకర్లు తెచ్చాను, పక్క గదిలో పెట్టి ఉన్నాయి, ఒకటి 4 ఓమ్‌లది, ఒకటి 8 ఓమ్‌లది, యాంప్ ఒకటే. గుడ్డ కప్పేశాం, ఏది ఏదో రాయలేదు. మీ ఫోన్లలో పాటలున్నాయి కదా, అయిదారుగురు చొప్పున రండి, మీ పాట మీరే వేసుకుని వినండి.